ఆరు గంటల బోణీ

సూర్యకళ తెచ్చిన గంప ఎత్తి తిరుమలరావు ఎండు నెత్తళ్ళ చేపలను నేలమీద దిమ్మరించాడు. సగం గోనెపట్టా మీద పడ్డాయి, సగం రోడ్డు మీద. పూర్ణా మార్కెట్లో ఆ సందు నడివేసవిలో కూడా తడిగానే ఉంటుంది.

“ఇసక,” అన్నాడు. ఒక గుప్పెడు తీసి రెండు వేళ్ళతో నలిపి, ఆ వేళ్ళను సూర్యకళ మొహం దగ్గర పెట్టాడు. “సూడు. సగం తూకం ఇసకే.”

వేళ్ళకు ఉప్పు తప్ప ఏమీ అంటలేదు. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

“ఇసకేటి మావా? వల మీద ఆరబెట్టినవి. నేల తగల్నేదు.”

“మీయమ్మా ఇలగే సెప్పీది. కిలో నూట ఎనభై. ఇష్టమైతే ఇచ్చెల్లు, నేదంటే ఏరుకో.”

“పోయినోరం రెండొందల నలభై ఇచ్చావు గదా.”

“పోయినోరం పోయింది గదేటే.”

నూకాలు కూతురి వెనక నిలబడి ఉన్నాడు. భుజం మీద రెండో గంప ఉంది. ముప్పయ్యేళ్ళు బోటు నడిపిన మనిషి. ధరల మాటంటే అతనికి అసహ్యం. చేప పట్టడం మగాడి పని, దాని గురించి అరవడం ఆడవాళ్ళ పని అనుకునేవాడు. ఆ అరిచే మనిషి పోయి పదకొండు నెలలైంది. స్తంభానికీ కాలవకీ మధ్య అతని భార్య చిట్టమ్మ కూర్చునే చోట ఇప్పుడు తిరుమలరావు బస్తాలు నాలుగున్నాయి. పదకొండో రోజు భోజనాలు కాకముందే అవి అక్కడికి వచ్చాయి. నూకాలు బస్తాలనే చూస్తున్నాడు. తిరుమలరావుని చూస్తే ఏం చేస్తాడో అతనికే నమ్మకం లేదు.

సూర్యకళ గొంతుక్కూర్చుంది. ఒక్కొక్క చేపనీ తీసి, ఊది, గంపలో వేసింది. రోడ్డు మీద పడినవాటిని చున్నీ కొంగులో విడిగా వేసుకుంది. ఇరవై నిమిషాలు పట్టింది. చుట్టుపక్కల అమ్మే ఆడవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. వాళ్ళందరి సరుకూ తిరుమలరావే కొంటాడు. నూకాలు కూడా వంగలేదు. గంప దించితే చేతులు ఖాళీ అవుతాయి.

ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది.

“ఇంటికెల్దాం నాన్నా.”

“ఆడికివ్వవా?”

“ఇవ్వను.”

గంపలతో ఇద్దరూ జాలరిపేటకు తిరిగొచ్చారు.

ఆ గంపల్లో సరుకు వాళ్ళొక్కళ్ళదే కాదు. నూకాలు అక్క గంగాలమ్మదీ, పక్కింటి గురువమ్మదీ కూడా ఉంది. ముగ్గురిదీ కలిపి నలభై రెండు కిలోలు. వేటకు సెలవులు మొదలయ్యాయి. మళ్ళీ బోట్లు కదిలేదాకా ఇళ్ళల్లో ఇదే ఆధారం. వెనక్కి తెచ్చిన గంపలు చూసి గంగాలమ్మ వీధిలోనే మొదలుపెట్టింది.

“నూట ఎనభైకైనా ఇచ్చీవలసింది. మీ యమ్మ బతికుంటే ఆడి పీక మీద కూకుని రెండొందల యాభై తెచ్చీది. నీకా నోరు నేదు. మా తమ్ముడికి నోరుంది గానీ తిట్టడానికి తప్ప పనికిరాదు.”

“కంప్యూటర్లో అమ్ముతానత్తా,” అంది సూర్యకళ. “పది రోజులు టైమివ్వు. పది రోజుల్లో అమ్ముడవకపోతే నానే ఆడి కాళ్ళ దగ్గర పోసొస్తాను. నూట ఎనభైకి.”

“నూట ఎనభై అప్పటికుంటాదేటి? నూటిరవై అంటాడు.”

“అంటాడు,” అని ఒప్పుకుంది సూర్యకళ.

ఆమె జగదాంబ దగ్గర ఒక జిరాక్సు షాపులో రెండేళ్ళు పనిచేసింది. అక్కడ తనతో పనిచేసిన టిమోతి పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. దాని తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బుతో సైటుకు పేరు రిజిస్టరు చేయించి, ఏడాదికి సరిపడా నెట్‌లో చోటు అద్దెకు తీసుకుంటే, ప్రకటనలకు రోజుకు మూడొందల చొప్పున పది రోజులకు మిగిలింది. సైటు ఎవరో కట్టిపెట్టరు. ఫోనులో పాఠాలు చూస్తూ తనే కట్టుకోవాలి. ఒక గడి అటు జరిపితే ఇంకో గడి ఇటు పోతుంది. బొమ్మ పెద్దదైతే తెరుచుకోదు, చిన్నదైతే చేప పురుగులా కనిపిస్తుంది. రెండు రోజులు ఆమె అన్నం కంచం పక్కన పెట్టుకుని తినడం మరిచిపోయింది. నూకాలు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తూ ఆమె వీపు చూశాడు. తల్లి వీపే. కోపం వచ్చినప్పుడు ఒక భుజం పైకి లేస్తుంది.

ఫొటోల రోజు అతన్నీ లేపింది. ఏడింటికి వెలుగు బాగుంటుందట. స్టీలు పళ్ళెంలో నెత్తళ్ళు పేర్చి, ఐసు పెట్టె తాలూకు థర్మాకోల్ మూత అతని చేతికిచ్చింది.

“ఎండ దీని మీద పడి చేపల మీదికెళ్ళాలి. వంచు. ఇంకొంచెం. ఎక్కువైంది.”

“బోటు నడపడం సులువే,” అన్నాడు నూకాలు.

“మాట్లాడకు, చెయ్యి కదుల్తంది.”

గంగాలమ్మ చూడ్డానికి వచ్చింది. లాప్‌టాప్ తెరలో తన చేపలు చూసుకుని మురిసింది. ఆ కింద ‘కిలో 360’ అన్న అంకె చదివించుకుని మొహం మాడ్చుకుంది.

“ధర ముందే సెప్పీసినావేటే? ఇంక బేరమేటుంటాది? ఆలొచ్చి అడగాల, మనం సెప్పాల, ఆలు తిట్టాల, మనం పైనున్న దేవుణ్ణి సూపించాల. అప్పుడు గదా అమ్మకం.”

“ఇందులో బేరాలుండవత్తా.”

“మరి బోణీ?”

నూకాలు వలలోంచి తలెత్తాడు.

“బోణీ ఉండాల,” అన్నాడు. “పొద్దున్న మొదటొచ్చినోడు ఎంతడిగితే అంతకిచ్చీడమే. మీయమ్మ ఒక్కనాడు బోణీ తిప్పనేదు. ఒకడు పది రూపాయలకి పావు కిలో అడిగితే ఇచ్చీసింది. ఆ రోజు పదింటికల్లా గంప ఖాళీ.”

“ఇది గంప కాదు నాన్నా, సైటు.”

“గంపే. దానికి నువ్వు కంప్యూటరు తలుపెట్టినావు, అంతే.”

ఆమె వాదించబోయి ఆగింది. గోడ మీద సుద్దముక్కతో రాసుకున్న ప్రకటనల లెక్క వైపు చూసింది. మూడొందలకు ఎవరు చూస్తారు, ఎంతమంది చూస్తారు? ఊళ్ళో ఎండుచేపలమ్మే సైట్లు ఇంకా ఉన్నాయి. వాటి ఫొటోలు బాగుంటాయి, పెట్టెలు బాగుంటాయి. కొనేవాడు ఇక్కడికే రావడానికి ఒక కారణం కావాలి. ఆ సాయంత్రం సైటు మొదటి పేజీలో ఎర్రటి గడి ఒకటి వచ్చింది. ‘రోజూ ఉదయం ఆరింటికి బోణీ. మొదటి ఆర్డరు మీరు చెప్పిన ధరకే.’ కింద రెండు ఖాళీలు పెట్టింది: ఎన్ని కిలోలు, కిలో ఎంతకి. నొక్కగానే ‘మీ బోణీ ఖాయం’ అని వస్తుంది. డబ్బు సరుకు చేతికందాకే.

మొదటి రోజు ఎవరూ రాలేదు. ఐదున్నర నుంచి నూకాలు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఏడింటికి లేచి ఒడ్డుకు వెళ్ళాడు, పది నిమిషాలకు తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. నీళ్ళను ఎంతసేపు చూసినా విసుగు పుట్టని మనిషికి ఆ తెర ముందు కాళ్ళు నిలవలేదు. సముద్రం మీద చేప లేకపోతే ఎందుకు లేదో తెలుస్తుంది. ఇందులో ఎందుకు రాలేదో తెలియదు.

రెండో రోజు ఆరూ ఒకటికి పెదవాల్తేరు నుంచి ఒకాయన పావు కిలో అడిగాడు. కిలో ఎనభై చొప్పున. ఇరవై రూపాయల సరుకు. సూర్యకళ స్కూటీ మీద పట్టుకెళ్ళి ఇచ్చింది. వేళాకోళానికి అడిగానమ్మా, నిజంగా తెస్తావనుకోలేదని ఆయన నవ్వి, ఆమె చేతిలో ఉన్న పొట్లంతో సహా ఫొటో తీసుకుని తమ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ ఒక్క అపార్ట్‌మెంట్ నుంచే ఐదు ఆర్డర్లు వచ్చాయి, అన్నీ పూర్తి ధరకు, అరకిలో చొప్పున. మూడో రోజు బోణీకి పదకొండు మంది పోటీపడ్డారు. మొదటివాడికి దక్కింది, మిగతా పదిమందిలో ముగ్గురు అసలు ధరకు కొన్నారు. గురువమ్మ వచ్చి లాప్‌టాప్‌కి పసుపు రాయబోతే సూర్యకళ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ రోజే నూకాలు వలదారం కొనడానికి వన్ టౌన్ వెళ్ళాడు. పూర్ణా మార్కెట్ మీదుగా రాకూడదనుకున్నాడు. వచ్చాడు.

“ఏటి బావా!” తిరుమలరావు బస్తాల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. “మీ గుంట కంప్యూటర్లో సేపలమ్మతందంట. కంపు కొట్టదేటి కంప్యూటరు?”

చుట్టూ నవ్వులు. నూకాలు నడుస్తూనే ఉన్నాడు.

“బోణీకి ఎంతడిగితే అంతంట గదా. ఐతే రేపు నానూ బోణీ సేత్తాను. సరుకు తయారుగుంచండి!”

నాలుగో రోజు ఆరు గంటలకు వచ్చిన బోణీ ఇది: కిలో అరవై. నలభై కిలోలు. పేరు ఎఫ్. రాజ్. చిరునామా కూర్మన్నపాలెం.

సూర్యకళ ఆ అంకెల్ని రెండుసార్లు చదువుకుంది. కిలోల గడికి హద్దు పెట్టలేదామె. పెట్టాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. బోణీ అంటే పావు కిలో, మహా అయితే అరకిలో. గంపెడు సరుకు బోణీ అడిగే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. అమ్మినవి పోగా, సెలవులకు ముందు పట్టి మొన్న ఆరినవి కలుపుకుంటే ముగ్గురి ఇళ్ళల్లో ఉన్నది నలభై ఒక్క కిలోలు.

“రద్దు చేసేస్తాను,” అంది.

“బోణీ తిప్పుతావేటి?” అన్నాడు నూకాలు.

“నలభై కిలోలు నాన్నా! అరవైకి! తిరుమలరావే నూట ఎనభై ఇస్తానన్నాడు.”

ఆ పేరు వినగానే అతను లేచాడు. ఆమె ఆ ఎఫ్. రాజ్ నంబరుకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. తిరిగి చూసేసరికి గుమ్మంలో చెప్పులు లేవు.

పూర్ణా మార్కెట్లో అప్పుడే నీళ్ళు చల్లుతున్నారు. తిరుమలరావు బుట్టలోని ఎండు రొయ్యపప్పును జల్లెడ పడుతున్నాడు. నూకాలు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఎఫ్. రాజ్ ఎవుడు?”

“ఏ రాజు బావా?”

“కూర్మన్నపాలెంలో నీకెవుడున్నాడు?”

“నాకెవుడూ నేడు. ఏటైంది? కూకో, టీ తాగు.”

కూర్చోమన్నది చిట్టమ్మ చోట్లో. నూకాలు రెండు చేతులతో బుట్ట ఎత్తి రోడ్డు మీద దిమ్మరించాడు. ఎర్రటి రొయ్యపప్పు తడి రాళ్ళ మీద పరుచుకుంది, కొంత కాలవలో పడింది. పదకొండు నెలల్లో మొదటిసారి నూకాలుకు ఊపిరి కడుపుదాకా అందింది.

“నానేటి సేసినాను బావా?” అన్నాడు తిరుమలరావు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ ఉంది. కోపం తర్వాత వచ్చింది. “ఇనుకో. నీ సరుకే కాదు. మీ అప్ప గంగాలమ్మది గానీ, ఆ గురువమ్మది గానీ ఒక్క సేప ఈ సందులో ఎవుడు కొంటాడో నాను సూత్తాను.”

ఆ మాట నూకాలు కన్నా ముందు ఇంటికి చేరింది. గంగాలమ్మ వీధి మొదట్లోనే నిలబడి ఉంది. ఈసారి అరవలేదు. దానికే భయం వేసింది అతనికి.

“నువ్వు నీ కోపం తీర్సుకున్నావు,” అంది. “ఇప్పుడు సరుకు అరవైకి పోతాది. ఇంక ఆడూ కొనడు. గురువమ్మ మనవరాల్ని రొయ్యలొలిచే షెడ్డుకి పంపీత్తానంటంది. పద్నాలుగేళ్ళు దానికి. ఎల్లి దాన్నీ నువ్వే దింపొచ్చీ.”

అతను ఆటో పిలిచాడు. గంపలు ఒక్కొక్కటీ మోసి ఆటోలో పెట్టాడు. సూర్యకళ ఆటో కమ్మీ పట్టుకుంది.

“ఎల్లొద్దు నాన్నా. సైటు మూసేస్తాను. చెడ్డపేరొస్తే రానీ.”

“బోణీ అన్నాను నాను. రాయించింది నాను. నానే ఎల్తాను.”

“ఎల్లి?”

“ఆడి మొహం సూత్తాను.”

కాన్వెంట్ జంక్షన్ దగ్గర బొగ్గు లారీల వెనక ముప్పావు గంట ఆగారు. ఎండ ఎక్కింది. ఆటోలో ఎండుచేపల వాసన డ్రైవరుకు పడలేదు. గాజువాక దాటేదాకా మొహం బయటపెట్టి నడిపాడు. నూకాలు ఒక గంప మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తిరుమలరావు మనిషి తలుపు తీస్తాడు, తను ఏమంటాడు? తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాడు. సరుకు మాత్రం ఒక్క కిలో తగ్గకుండా తూచి ఇస్తాడు. డబ్బు లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటాడు. అలా చేస్తే ఎదుటివాడికి ఎక్కువ నొప్పి అనుకున్నాడు. ఎవరికి నొప్పో ఆలోచిస్తే గంగాలమ్మ మొహం కనిపించింది. ఆలోచించడం మానేశాడు.

చిరునామా ఒక మెస్సుది. రేకుల షెడ్డు, బల్లలు, గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు ఇరవై మంది దాకా ఇడ్లీలు తింటున్నారు. సాంబారు బకెట్టుతో బల్లల మధ్య తిరుగుతున్న ఆడమనిషి యాభైలో ఉంటుంది. ఎర్రంచు ఏప్రాన్ కట్టుకుంది.

“ఎఫ్. రాజ్ ఎవులమ్మా?”

“నేనే అన్నయ్యా. ఫ్లోరెన్స్. రాజ్ మా ఆయన పేరు.” ఆటోలో గంపలు చూసి బకెట్టు దించింది. “అయ్యో. నిజంగానే తెచ్చేశారా?”

“నీకు తిరుమలరావు ఏటవుతాడు?”

“ఎవరు?”

“పూర్ణా మార్కెట్. ఎండుసేపల తిరుమలరావు.”

“నేను పూర్ణా మార్కెట్‌కి వచ్చి ఆరేళ్ళయింది అన్నయ్యా. ఈ గరిటె వదిలితే కదా.”

నూకాలు ఆమె కళ్ళలోకి చూశాడు. అబద్ధమాడేవాళ్ళను అతను చాలామందిని చూశాడు. ఈ కళ్ళలో చెమట తప్ప ఏమీ లేదు. ఆటోలో పేర్చుకున్న తిట్లు గొంతులోనే ఉండిపోయాయి.

“మా దగ్గర తినే ఒకబ్బాయి చూపించాడు మీ సైటు,” అంది ఫ్లోరెన్స్. “రెండ్రోజులు అలారం పెట్టుకుని లేచాను. అరవై అని కొట్టాను. మీరు ఫోన్ చేసి మూడొందలంటారు, నేను నూట యాభై అంటాను, ఎక్కడో తెగుతుంది అనుకున్నాను. చూస్తే ‘ఖాయం’ అని వచ్చేసింది. భయమేసింది. పొద్దున ఫోన్ మోగుతోంది గానీ చేతులు పిండిలో ఉన్నాయి.”

“అరవైకే తెచ్చినాం. తూసుకో.”

“అరవైకా? పాపం కాదూ?”

“బోణీ అది. మాటంటే మాట.”

“మాట మీది కాదుగా, నాది. నేను మారుస్తున్నాను. రెండొందలు తీసుకోండి.”

“తీసుకోను. అరవై.”

“రెండొందల ఇరవై.”

“అరవై అన్నాను గదమ్మా!”

తింటున్నవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. “ఒరే, ఇదేం బేరంరా? అక్క ఎక్కిస్తోంది, ఆయన దించుతున్నాడు.” ఇంకొకడు, “నన్ను పిలవండి, నేను ముప్పయ్యికి కొంటాను,” అన్నాడు. నవ్వులు లేచాయి. నూకాలు మొహం గట్టిపడింది.

ఫ్లోరెన్స్ నవ్వలేదు. గంపలోంచి ఒక నెత్తల్ని తీసి విరిచింది. వాసన చూసి తల కొరికింది. “ఉప్పు తక్కువ వేశారు. మంచి సరుకు.” ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. “సరే అన్నయ్యా. మీ మాట పోవద్దు. మార్కెట్లో బోణీకి ఎన్ని కిలోలిస్తారు?”

“పావో, అరో.”

“నాకు ఒక కిలో ఇవ్వండి. అరవైకి. బోణీ అయిపోయింది. ఇప్పుడు నేను రెండో మనిషిని. మిగతా ముప్ఫై తొమ్మిది కిలోలు ఎంతకిస్తారు?”

నూకాలు ఆ మాటను రెండు మూడు రకాలుగా తిప్పి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. చిట్టమ్మ ఉంటే ఈ మాట పొద్దున ఆరింటికే అనేది.

“మూడొందల అరవై,” అన్నాడు.

“రెండొందల నలభై.”

తర్వాత ఏమనాలో అతనికి తెలియదు. ముప్పయ్యేళ్ళు భార్య గంప మోసి తెచ్చి దించేవాడు. ఆమె నోరు విప్పగానే టీ కొట్టు వైపు నడిచేవాడు. ఆ అరుపుల్లో ఒక్క మాట వినలేదు. ఇప్పుడు ఎండలో నిలబడి వినని మాటల కోసం వెతుకుతున్నాడు.

“మూడొందల ముప్ఫై,” అన్నాడు. ఆగాడు.

“ఊఁ. తర్వాత? సరుకు గురించి చెప్పండి. కూలీ గురించి చెప్పండి.”

“వల మీద ఆరబెట్టినవి. నేల తగల్నేదు.” గంప అంచు పట్టుకున్నాడు. “ముగ్గురాడోలు. వేట నేదు. నాకింక రాదమ్మా సెప్పడం.”

ఫ్లోరెన్స్ గంపను తనవైపు లాక్కుంది.

“రెండొందల ఎనభై. బోట్లు కదిలాక పదిహేను రోజులకోసారి ఇంతే సరుకు కావాలి. బుధవారం వంకాయతో వేస్తాను, వీళ్ళు పళ్ళేలు నాకుతారు. కానీ ఇసక తగిలిందంటే వెనక్కి పంపుతాను.”

“తగల్దు.”

తూకం దగ్గర మాత్రం అతనికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ముల్లు నిలిచాక ప్రతి తూకం మీదా ఇంకో నాలుగు చేపలు వేశాడు.

ఆటో తిరిగాక సూర్యకళ ఫోన్ చేసింది. అతను ధర చెప్పాడు. అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“మరి ఆ రాజ్? తిరుమలరావు మనిషేనా?”

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటింది. ‘అవును’ అంటే అయిపోతుంది. పొద్దున చేసింది న్యాయం అయిపోతుంది.

“కాదు,” అన్నాడు. “బోణీకి కిలో మించకుండా గడి కట్టు. ఇప్పుడే కట్టు.”

పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో ఆపించాడు. సందులో తిరుమలరావు ఇంకా రాళ్ళ సందుల్లోంచి రొయ్యపప్పు ఏరుతున్నాడు. మంచి చోట పడినవి ఎత్తేశారు. బురద అంటినవి మిగిలాయి. నూకాలుని చూసి నిటారుగా లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

నూకాలు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటీ తీసి, ఊది, బుట్టలో వేశాడు. తిరుమలరావు కాసేపు నిలబడి చూసి, ఏం చెయ్యాలో తోచక తనూ కూర్చున్నాడు. ఇద్దరూ ఏరారు. అమ్మే ఆడవాళ్ళు చూశారు.

“అది నువ్వు కాదు,” అన్నాడు నూకాలు.

“నాను సెప్పినాను గదా.”

“సెప్పినావు. నూట ఎనభై అన్నది మాత్రం నువ్వే.”

తిరుమలరావు చేతిలోని రొయ్యపప్పును అటూ ఇటూ దొర్లించాడు. బేరం తెలిసిన మనిషి. ఎదుటివాడి గంపలు ఖాళీగా తిరిగొచ్చాయని ఆటో వైపు ఒక్క చూపుతో తెలుసుకున్నాడు.

“ఎంతకి పోయినాయి బావా?”

నూకాలు ఏరుతూనే ఉన్నాడు.

“నెత్తళ్ళకి గిరాకీ ఉంది,” అన్నాడు తిరుమలరావు. “పొద్దున ఏదో కోపంలో అన్నాను. మీ వీధి సరుకు తెమ్మను. రెండొందల నలభై ఇత్తాను. నేదు, యాభై.”

నూకాలు చివరి రొయ్య తీసి బుట్టలో వేశాడు. లేచాడు. జేబులోంచి ఫోన్ తీసి సూర్యకళ నంబరు నొక్కి అతని చేతికిచ్చాడు.

“నాకు ధరలు తెల్దు. దాన్నడుగు.”

తిరుమలరావు తడి చేతిని లుంగీకి తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. “హలో... ఒసే...” అని ఆగాడు. అటునుంచి ఆమె ఏమందో. “అమ్మా, నాను. తిరుమలరావుని. పూర్ణా మార్కెట్ మావనమ్మా.”

నూకాలు సందు చివర కుళాయి దగ్గరికి నడిచాడు. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. గోళ్ళలో ఇరుక్కున్న బురద తీస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి తిరుమలరావు గొంతు వినిపిస్తూనే ఉంది. రెండొందల అరవై అంటోంది. ఇనమ్మా అంటోంది. కాసేపాగి, డెబ్బై అంటోంది.

ఫోను తనదే. తీసుకోవడానికి తొందరేమీ లేదు. అతను రెండో చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు.